కత్తి పిడిలో పట్టని బ్యాటరీ

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు బడి వార్షికోత్సవానికి వాళ్ల క్లాసు ఒక నాటకం వేయాలనుకుంది. అందులో ఒక రాణి ఉంది. చీకట్లో దారి తప్పిన జనం ముందు ఆమె కత్తి పైకెత్తుతుంది. ఎత్తగానే ఆ కత్తి వెలగాలి. రాణి వేషం కోసం ఇద్దరు ఆడపిల్లలు పట్టుబట్టారట. టీచరు ఇద్దరికీ ఒకే మాట చెప్పింది: కత్తి ఇంట్లో చేసినదై ఉండాలి, బజారులో కొన్నది పనికిరాదు. శనివారం రిహార్సల్‌లో ఎవరి కత్తి బాగా వెలిగితే వేషం వాళ్లది. రెండో పిల్లకు కరెంటు పని తెలిసిన మేనమామ ఉన్నాడు. మా అమ్మాయికి నేను ఉన్నాను.

"మా బాపు చేస్తడని చెప్పిన" అంది మా అమ్మాయి, బడి సంచీ దించకుండానే.

నన్ను ముందుగా అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని ఆమెకు తోచి ఉండదు. కత్తి అన్న మాట వస్తే మా ఇంట్లో నేను ఎలా మాట్లాడతానో పుట్టినప్పటి నుంచీ వింటోంది.

మాది లక్సెట్టిపేట దాటాక గోదావరి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో మా గడి, కోటలాంటి దొరల ఇల్లు, ఉండేది. దసరా నాడు జమ్మి దగ్గర మా ఇంటి కత్తి పెట్టిన తర్వాతే ఊళ్లో మిగతావాళ్లు తమ పనిముట్లు పెట్టేవాళ్లు. నా చిన్నతనంలోనే ఊళ్లో కాలం మారింది. దొరలు ఊళ్లు విడిచి పట్నాలకు చేరుతున్న రోజులవి. మా వాళ్లూ ఒక తెల్లవారుజామున బండి కట్టించుకుని బయలుదేరారు. కత్తిని ఠాణాలో అప్పజెప్పారు, మళ్లీ తెచ్చుకోలేదు. ఇప్పుడు నేను ఆదిలాబాద్‌లో ఒక పత్తి మిల్లు ఆఫీసులో పని చేస్తున్నాను. ఉండేది రెండు గదుల ఇంట్లో. గడి నుంచి నా దాకా వచ్చిన సామాను టేకు పట్టెమంచం కోళ్లు రెండు. మంచం ఎటు పోయిందో తెలియదు. కోళ్లను మాత్రం నేను ఇల్లు మారిన ప్రతిసారీ గుడ్డలో చుట్టి వెంట తెచ్చుకున్నాను.

అందులో ఒకటి కత్తి పిడి అయింది. చిన్నప్పుడు చూసిన పిడి ఆకారం గుర్తు తెచ్చుకుంటూ నేనే చెక్కాను. మా మిల్లుకు కిటికీలు చేసే వడ్రంగి దానిలో వేలు దూరేంత తొర్ర వేసి ఇచ్చాడు. దుకాణాల బోర్డులు చేసే చోట పాలరంగు ప్లాస్టిక్ పలక కత్తి ఆకారంలో రెండు ముక్కలు కోయించి, మధ్యలో సందు ఉండేలా అంటించాను. పలక పిడిలో బిగుసుకుంది. మా అమ్మాయి దాన్ని రెండు చేతులతో పట్టుకుని, నోరు తెరిచి చూస్తూ నిలబడింది. ఇక దీపం పెట్టడమే మిగిలింది. అన్నిటికంటే తేలికైన పని అదే అనుకున్నాను.

ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెట్టాక ఆ తేలిక పోయింది. ఒకడు మూడు వోల్టులు చాలంటాడు. ఇంకొకడు పన్నెండు లేనిదే కాదంటాడు. మరొకడు మాట్లాడకుండా పాట పెట్టి చకచకా ఏవో అతికించేస్తాడు, చివర్లో కత్తి వెలుగుతుంది. వెనక్కి తిప్పి చూసినా అతని వేళ్లే కనిపించేవి, ఏం చేశాడో కనిపించేది కాదు. ప్లస్, మైనస్ అన్న గుర్తులు లెక్కల పుస్తకంలో చూసినప్పుడు నన్ను ఇంత ఇబ్బంది పెట్టలేదు.

మేముండే ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే బస్టాండు దగ్గర ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణం ఉంది. నేను అక్కడికి వెళ్లలేదు. మా ఇంటికి కావలసిన వస్తువు ఏదైనా కరీంనగర్ నుంచే రావాలి. తాతగారి కాలంలో బట్టలు, ఇత్తడి సామాను, పెట్రోమాక్సు దీపాల మాంటిళ్లు అన్నీ అక్కడి నుంచే వచ్చేవి. నాన్న ఆ పద్ధతి తప్పలేదు. నేనూ తప్పదలచుకోలేదు. మా ఆవిడ నాతో నేరుగా వాదించదు. అమ్మాయిని మధ్యలో పెట్టుకుని మాట్లాడుతుంది. "మీ బాపుకు చెప్పు బిడ్డా, గంత చిన్న లైటు కోసం గోదావరి దాటుడెందుకని" అంది.

మిల్లుకు సెలవు వచ్చిన రోజు బస్సెక్కాను. ఉట్నూరు, జన్నారం, టేకు అడవి, లక్సెట్టిపేట. మా ఊరి వైపు తిరిగే రోడ్డు దగ్గర బస్సు కాసేపు ఆగింది. ఎవరో మేకపిల్లతో ఎక్కారు. నేను దిగలేదు, ఆ వైపు తల మాత్రం తిప్పాను.

కరీంనగర్‌లో నేను వెళ్లిన ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణం సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంది. గోడల నిండా పైకప్పు దాకా చిన్న చిన్న సొరుగులు. నా వయసే ఉన్న ఒకామె కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. మా తాతగారు సామాను కొనే తీరు నాకు బాగా తెలుసు, చూసింది తక్కువే అయినా విన్నది ఎక్కువ. వర్తకుడు వచ్చి దివాణంలో అన్నీ పరిచేవాడు. తాతగారు చేతికర్రతో చూపించి "అది పెట్టు" అనేవారు. దేన్నీ ఏమిటని అడిగేవారు కాదు. ధర అడిగేవారు కాదు. రెండు వస్తువులు కనిపిస్తే పెద్దదే తీసుకునేవారు. నాన్న దగ్గర చేతికర్ర ఉండేది కాదు, వేలు ఉండేది. మిగతా పద్ధతి అదే.

"ఏం గావాలె సార్?" అంది ఆమె.

కత్తిలో పెట్టడానికి లైటు కావాలన్నాను. ఆమె నవ్వలేదు. విడి ఎల్‌ఈడీలు కావాలా, స్ట్రిప్పు కావాలా అని అడిగింది. రెండింటికీ తేడా నాకు తెలియదు. రెండూ ఇమ్మన్నాను.

"ఎన్ని వోల్టులది సార్?"

"పెద్దది."

ఆమె కళ్లద్దాలు తీసింది. "పెద్దదంటే?"

"ఉన్నవాటిలో పెద్దది."

విడి ఎల్‌ఈడీలు చిన్న కవర్లో పోసింది. చుట్టగా చుట్టిన స్ట్రిప్పు తీసి ఎంత కోయమంటారని అడిగింది. ముక్కలు కొనే అలవాటు మాకు లేదు. చుట్ట మొత్తం పెట్టమన్నాను. తర్వాత ఒక సొరుగులోంచి ఒడ్ల గింజంత వస్తువును తీసి నా ముందు పెట్టింది. దాని మీద రంగురంగుల గీతలున్నాయి, రెండు వైపులా సన్నటి తీగలున్నాయి. విడి లైట్లకు ఇది తప్పనిసరి అంది. నేను అడగకుండానే దాని పనీ చెప్పింది. కరెంటుకు అడ్డం పడుతుందట, ఎక్కువ పోనివ్వదట. దీపం వెలిగించడానికి వచ్చినవాడికి దీపానికి అడ్డం పెట్టే వస్తువు ఎందుకు అమ్ముతోందో నాకు అర్థం కాలేదు. వేలితో దాన్ని పక్కకు జరిపాను. "మీ ఇష్టం సార్" అంది.

స్విచ్చుల్లోనూ పెద్దదే చూపించాను, బోరు మోటారుకు పెట్టేటంతది. బ్యాటరీల దగ్గరకు వచ్చేసరికి ఆమె ఆగింది. నేను చూపించినది నల్లగా, ఇటుకలా ఉంది. కంప్యూటర్ల కింద పెట్టే డబ్బాల్లో వేస్తారట.

"కత్తి అన్నరు గద సార్?"

"అవును."

"ఎవరు పట్టుకుంటరు కత్తిని?"

"మా బిడ్డ."

ఆమె నా వైపు చూసి, బ్యాటరీ వైపు చూసి, దాన్ని కాగితంలో చుట్టింది. పని చేయకపోతే బిల్లు తీసుకుని వస్తే మార్చి ఇస్తానంది. బిల్లును అక్కడే బల్ల మీద వదిలేసి వచ్చాను. ఇంటికి తెచ్చిన వస్తువును మళ్లీ దుకాణానికి మోసుకెళ్లడం మా ఇంటా వంటా లేదు.

మర్నాడు సాయంత్రం చాప పరిచి అన్నీ ముందు పెట్టుకున్నాను. అమ్మాయి కత్తిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముందు విడి లైటు. దానికి ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. అలా ఎందుకుందో అంతుబట్టలేదు, తయారుచేసిన వాడి నిర్లక్ష్యం అనుకున్నాను. బ్యాటరీకి తగిలించాను. మెరుపులా ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. కాలిన వాసన వచ్చింది. ఇంకొకటి తగిలించాను, అంతే. మరొకదాన్ని కాళ్లు తిప్పి పెట్టాను. దానికి ఆ మెరుపు కూడా లేదు.

"సచ్చిపోయిందా బాపు?"

"లేదు. ఇది నాసిరకం" అన్నాను. ఒడ్ల గింజ లాంటి ఆ వస్తువు అప్పుడు మనసులో మెదిలింది. అడ్డం లేకపోతే పోవడమేమిటి? ఎక్కువ ఇస్తే ఎక్కువ వెలగాలి కదా. ఆ కవరు మూతి ముడేసి పక్కన పెట్టాను.

చుట్ట తీశాను. దాని చివర రెండు తీగలున్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. బ్యాటరీకి తగిలించగానే చుట్ట అంతా ఒక్కసారిగా వెలిగింది. అమ్మాయి లేచి దాన్ని విప్పుకుంటూ తలుపు దాకా వెళ్లింది. ఆ రెండు గదుల్లో అంత వెలుతురు నేనెప్పుడూ చూడలేదు. గోడల మీద చెమ్మ మరకలు కూడా మెరిసిపోయాయి. మా ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి చూసింది.

"పెండ్లి పందిరి లెక్కున్నది. పెండ్లెవరిదో మీ బాపును అడుగు బిడ్డా."

ఆ వెలుతురును చూసి నాకు గర్వంగానే ఉంది, కాదనను. తర్వాత దాన్ని కత్తిలో పెట్టబోయాను. తలుపు దాకా పాకిన దీపం మూరెడు కత్తిలోకి ఎలా దూరుతుంది? మడతలు పెట్టాను. చుట్టాను. ఒకదాని మీద ఒకటి పెట్టాను. పలకల మధ్య సందు ఒక్క వరసకే సరిపోయేది. కోయొచ్చేమో అన్న ఆలోచన వచ్చింది గానీ, కోస్తే మొత్తం ఆరిపోతుందేమోనని కత్తెర పట్టలేదు. బ్యాటరీని పిడి పక్కన పెట్టి చూశాను. పిడి మొత్తం బ్యాటరీలో దాక్కోవచ్చు. బ్యాటరీ పిడిలో దాక్కునే మాట లేదు.

అమ్మాయే ఒక ఉపాయం చెప్పింది. బ్యాటరీని గుడ్డ సంచిలో వేసి నడుముకు కట్టుకుంది. కత్తి పైకెత్తబోయింది. సంచి కిందికి లాగి, ఆమె ఒక పక్కకు ఒరిగిపోయింది.

"రాణి అంగడికి వోయి కూరగాయలు తెస్తున్నట్టున్నది" అంది మా ఆవిడ.

అమ్మాయి నవ్వలేదు. నడుముకు కట్టిన ముడి విప్పుకుంటూ ఎల్లుండే శనివారం అంది. ఆ మాటలో ఫిర్యాదు లేదు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మేనమామ ఉన్న పిల్ల కత్తి అప్పటికే వెలిగిందట, క్లాసులో చెప్పుకుందట. మా అమ్మాయి మాత్రం మా బాపు కరీంనగర్ నుంచి సామాను తెచ్చిండు అని చెప్పిందట.

మరునాడు మిల్లుకు సెలవు పెట్టి మళ్లీ కరీంనగర్ వెళ్తానన్నాను. ఇంకా పెద్ద తొర్ర వేయించడానికి రెండో మంచం కోడును కూడా తీసుకెళ్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను.

"మల్ల గక్కడికెందుకు బాపు? గీ స్టాండు కాడ అడుగుదాం."

"ఏమని అడుగుతవు?"

"నాకు తెల్వదని చెప్త."

ఆమె దాన్ని అన్నం పెట్టమన్నంత తేలిగ్గా అంది. మా నాన్న తెలియని ఊళ్లో దారి తప్పితే ఎవరినీ అడిగేవారు కాదు, సరైన వీధి దొరికేదాకా నడిచేవారు. ఆయన వెనక నేనూ నడిచేవాణ్ణి. తెల్వదన్న ఆ మాట మా ఇంట్లోకి ఎటు నుంచి వచ్చిందో నాకు తెలియలేదు. వాళ్లమ్మ వైపు నుంచి అయి ఉంటుందనుకున్నాను.

మరునాడు బడి వదిలాక ఇద్దరం వెళ్లాం. ఆ దుకాణంలో మిక్సీలు, ఫోన్లు, పాత టీవీలు అన్నీ బాగుచేస్తారు. యజమాని లావుపాటి మనిషి, మాటకారి. పక్కన స్నేహితుడితో మరాఠీలో ఏదో వాదిస్తున్నాడు. నన్ను చూసి, వాళ్ల భాషలో అన్నా అని పిలుస్తూ, "రా భావూ, కూసో" అని స్టూలు జరిపాడు. నేను నిలబడే ఉన్నాను. అమ్మాయి సంచిలోంచి చుట్ట, బ్యాటరీ, కత్తి తీసి బల్ల మీద పెట్టింది.

"అంకుల్, నాకేం తెల్వదు. ఇది ఇందుల వెలగాలె."

అంతే. వాళ్లిద్దరూ పాత వాదం వదిలేసి కొత్త వాదం మొదలుపెట్టారు. యజమాని నలుచదరపు బ్యాటరీ ఒకటి పెట్టాలన్నాడు. స్నేహితుడు అది ఏం పనికొస్తుందని, పాత ఫోన్ బ్యాటరీలు జోడించమన్నాడు. యజమాని రిమోటుతో ఏడు రంగులు మారే డబ్బా ఒకటి తీసి, ఇది పెడితే కత్తి రంగులు మారుస్తుందని ఊరించాడు. స్నేహితుడు రాణి కత్తికి ఏడు రంగులెందుకని దెప్పాడు. సగం మరాఠీ, సగం తెలుగు. వీడియోల దగ్గర ఎంత గందరగోళం పడ్డానో అంతకు రెట్టింపు పడ్డాను. మా అమ్మాయి మాత్రం ఇద్దరి మధ్యలో మోచేతులు పెట్టుకుని, ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పినప్పుడల్లా ఎందుకు అని అడుగుతోంది. వాళ్లు చెబుతున్నారు. చెప్పింది నచ్చకపోతే మళ్లీ అడుగుతోంది. ఆమెను ఎవరూ తక్కువగా చూడలేదు. నేను అది కూడా గమనించాను.

"స్ట్రిప్పు కోస్తే సచ్చిపోతదా అంకుల్?"

యజమాని చుట్ట మీద రాగి చుక్కలు, వాటి మధ్య సన్నటి గీత చూపించాడు. అక్కడ కోస్తే ఏమీ కాదట, ఇంకెక్కడ కోసినా ఆ ముక్క ఆరిపోతుందట. కత్తెర అమ్మాయి చేతికిచ్చాడు.

"కొయ్యకు" అన్నాను. నాకు తెలియకుండానే వచ్చిన మాట.

"కత్తి ఇంతే గద బాపు" అంది, కత్తి పొడవు పక్కన చుట్ట కొలిచి చూపిస్తూ. కోసేసింది.

తీగలున్న చిన్న ముక్క వెలిగింది. యజమాని మిగిలిన పెద్ద చుట్టకు వేరే తీగలు ఆనించాడు. అదీ వెలిగింది. పంచిన తర్వాత రెండు వైపులా వెలిగిన వస్తువును మా ఇంట్లో నేను అంతవరకూ చూడలేదు.

తర్వాత స్నేహితుడే సొరుగు వెతికి ఒక బ్యాటరీ తీశాడు. చిటికెన వేలులో సగం ఉంది. కార్ల రిమోట్లలో వేస్తారట. అదీ పన్నెండు వోల్టులే అన్నాడు. యజమాని కూడా దీనికి ఎదురు చెప్పలేదు.

నేను ఇటుకలాంటి నా బ్యాటరీ వైపు చూశాను. దాని మీదా పన్నెండనే ఉంది. దుకాణాల్లో నేను ఏనాడూ చేయని పని అప్పుడు చేశాను.

"అదీ పన్నెండు, ఇదీ పన్నెండా?"

"హో భావూ, రెండూ పన్నెండే. గని ఎంతసేపు వెలగాలె నీ కత్తి?"

ఈ ప్రశ్న వీడియోల్లో లేదు. కరీంనగర్‌లో ఆమె అడిగేదేమో, అడిగే సందు నేను ఇవ్వలేదు. తెల్లారేదాకా వెలగాలి అన్న జవాబు నా నోట్లో ఉంది. అమ్మాయి ముందుగా చెప్పేసింది. తాను కత్తి లేపి ఒక డైలాగు చెప్పేంతసేపు, అంతే.

దానికి ఇది ఎక్కువే అన్నాడు యజమాని. పెద్దదైతే రాత్రంతా వెలుగుతుందట. రాత్రంతా వెలిగితే మంచిదే కదా అన్నాను.

"నాటకం అయిపోతది గద బాపు."

పన్నెండూ పన్నెండూ ఒకటెలా అవుతాయో యజమాని నాకు నీళ్ల ట్యాంకు, నల్లా ఉపమానంతో వివరించాడు. ట్యాంకు పెద్దదైనా చిన్నదైనా ఎత్తు ఒకటైతే నల్లాలో ధార ఒకటేనట. నాకు కాస్త అందుతున్నట్టనిపించింది. ఇంతలో స్నేహితుడు ఆ ఉపమానమే తప్పన్నాడు. వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. అందుతున్నది కాస్తా జారిపోయింది. అమ్మాయి ఈలోగా బొటనవేలితో నొక్కి ఉంచితేనే వెలిగే బుల్లి స్విచ్చు ఒకటి ఎంచుకుంది. బ్యాటరీ మంచం కోడులోకి జారి, లోపల ఎక్కడో చిన్నగా టక్కుమంది.

శనివారం బడి హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టారు. మేనమామ ఉన్న పిల్ల కత్తి ఎర్రగా, జోరుగా వెలిగింది. మా కత్తి కంటే నాలుగింతలు. కానీ దాని వెనక పొడుగాటి వైరు గోడలోని ప్లగ్గు దాకా ఉంది. ఆ పిల్ల జనం వైపు నడుస్తుంటే వేదిక మధ్యలోనే వైరు బిగిసి, కత్తి ఆరిపోయింది. మా అమ్మాయి చివరిదాకా నడిచి వచ్చింది. కత్తి లేపింది. తెల్లటి, పెద్దగా చెప్పుకోదగనంత వెలుతురు. పిడి దగ్గర ఆమె బొటనవేలు కూడా వెలిగింది. డైలాగు చెప్పింది, కత్తి దించింది, వెలుతురు పోయింది. టీచరు వేషం ఆమెకే అని చెప్పి, రెండో పిల్లకు సేనాపతి వేషం ఇచ్చింది.

బయట వరండాలో ఆ మేనమామ నా దగ్గరకు వచ్చాడు. మర్యాదస్తుడు. కత్తి మంచిగున్నదన్నాడు. పిడి చెక్కిన పనిని వేలితో తడిమి చూశాడు. అది ఎక్కడి కర్రో చెప్పాలనుకున్నాను. అతను వేరేది అడిగాడు.

"ఎంత బ్యాటరీ పెట్టిండ్రు సార్?"

నాకు అలవాటైన మాట నాలుక మీదికి వచ్చింది. దాన్ని ఆపడానికి కొంచెం సమయం పట్టింది.

"చిన్నది" అన్నాను.

"చిన్నది ఎట్ల సరిపోయింది సార్? నేను గూడ పెడదామనుకున్న. సరిపోదని ప్లగ్గుకు పెట్టిన."

"నాకు తెల్వదు. మా బిడ్డను అడుగుండ్రి."

అతను నిజంగానే లోపలికి వెళ్లి ఆమెను అడిగాడు. నేను గుమ్మం బయటే ఉండిపోయాను. ఆమె కత్తిని చంకలో ఇరికించుకుని అతనికి ఏదో వివరిస్తోంది. మాటలు వినపడలేదు. చేతులు మాత్రం ముందు పెద్ద ట్యాంకును, తర్వాత చిన్న ట్యాంకును, ఆ తర్వాత కిందికి దిగే నల్లాను చూపిస్తున్నాయి. ఆ ఉపమానం సరైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.